మన దేహమే మందుల గని: ఇన్సులిన్ నుండి డిఫెన్సిన్ దాకా



ప్రతి యేటా ఈ సంచికలో ఊరి చరిత్ర గురించో, మన పెద్దల గురించో రాయడం మామూలు. ఈసారి మందుల చరిత్ర రాయాలని పూనుకున్నాము. హుస్నాబాద్‌కు, మందుల చరిత్రకు ఏమి సంబంధమని కొందరు అడగవచ్చును. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన మన ఊళ్ళో ఏ గల్లీకి పోయినా శక్కర్ బీమారి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. ఆ ఇంటి ఫ్రిజ్‌లోనో, ఫ్రిజ్ లేకపోతే తడిగుడ్డ చుట్టిన కుండలోనో ఒక చిన్న గాజుబుడ్డి ఉంటుంది. ఆ బుడ్డిలోని మందు కథే మేము చెప్పబోయేది. అది మన ఒంట్లో పుట్టే మందు. ఆ మాట తెలియక మా ఇంట్లో ఒక పెద్దమనిషి కాలు పోగొట్టుకున్నారు. ముందు ఆ సంగతి చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాము.

మా ఇంటి కథ

1978 ప్రాంతం. మా బడేఅబ్బాకు, అంటే మా నాన్నగారి అన్నకు, శక్కర్ బీమారి ముదిరింది. గోలీలతో ఆగలేదు. డాక్టరు సాబ్ ఇన్సులిన్ సూది రాసిచ్చారు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకనాడు బజారులో ఎవరో, "ఆ మందు పంది ఒంట్లో నుండి తీస్తరంట, మీరెట్లా వేసుకుంటున్నరు?" అన్నారట. బడేఅబ్బా ఇంటికి వచ్చి ఎవరితోనూ ఏమీ అనలేదు. బుడ్డి తీసి గోడ అవతల పారేశారు. సూది వేయించుకుంటున్నట్లే నటిస్తూ నెలన్నర గడిపారు. కాలి వేలికి చెప్పు ఒరిసి చిన్న పుండు లేచింది. అది మానలేదు. నల్లబడింది. చివరకు మోకాలి కింద దాకా కాలు తీసేయవలసి వచ్చింది.

తరువాత తెలిసిన విషయం మమ్ములను ఇప్పటికీ బాధపెడుతుంది. అటక మీద దొరికిన ఖాళీ అట్టపెట్టె మీది చీటీని మా అన్నయ్య చదివి చూస్తే, ఆ మందు పశువుల క్లోమం నుండి తీసినదని అచ్చువేసి ఉంది. పంది మాటే అందులో లేదు. బజారు మాటకు, చీటీ మీది మాటకు మధ్య ఒక కాలు పోయింది. అడిగి ఉంటే చదివి చెప్పేవాళ్ళం కదా అని మా అమ్మీ ఎన్నిసార్లు అనుకున్నదో!

బడేఅబ్బా అనుమానాన్ని మేము తప్పు పట్టడం లేదు. ఆ రోజుల్లో పంది ఇన్సులిన్ కూడా లోకంలో వాడుకలో ఉన్నది నిజమే. ఆయన అడగవలసిన వారిని అడగలేదన్నదే మా బాధ. అందుకే ఈ చరిత్ర మన ఇళ్ళల్లో అందరికీ తెలియాలి.

పెప్టైడ్ అంటే ఏమిటి?

తస్బీహ్ దండను తలచుకోండి. పూస పక్కన పూస గుచ్చితే దండ అవుతుంది. మన ఒంట్లో అమైనో ఆమ్లాలనే పూసలు ఉన్నవి. ముఖ్యంగా ఇరవై రకాలు. వీటిని వరుసగా గుచ్చితే అయ్యే చిన్న దండను పెప్టైడ్ అంటారు. దండ బాగా పొడవైతే దాన్ని ప్రొటీను అంటారు. ఏ పూస తరువాత ఏ పూస వస్తుందన్న దానిని బట్టి ఆ దండ చేసే పని మారిపోతుంది. ఒకటి నెత్తురులోని చక్కెరను అదుపు చేస్తుంది. ఒకటి కాన్పు నొప్పులు తెస్తుంది. ఇంకొకటి చర్మం మీద వాలిన సూక్ష్మక్రిమిని చంపుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. మనం తిన్న పప్పు, మాంసం, గుడ్డు ఇవన్నీ ఇటువంటి దండలే. కడుపులో పడగానే వీటిని తెంపి పూసలుగా విడగొట్టడమే జీర్ణశక్తి పని. పెప్టైడ్ మందును గోలీగా మింగినా కడుపు దానికి, పప్పుకు తేడా చూడదు, తెంపి పారేస్తుంది. అందుకే ఇన్సులిన్‌ను సూదితో ఇస్తారు. "గోలీ ఇయ్యరాదా డాక్టరు సాబ్" అని అడిగే మన పెద్దవాళ్ళకు జవాబు ఇదే.

టొరంటో నగరంలో ఒక పిల్లవాడు

శక్కర్ బీమారి పాత రోగమే. కాని అది ఎక్కడి నుండి వస్తుందో చాలాకాలం తెలియలేదు. 1869లో జర్మనీకి చెందిన లాంగర్‌హాన్స్ క్లోమంలో చిన్న చిన్న దీవుల వంటి కణాల గుంపులను చూశాడు. అవి ఎందుకున్నాయో ఆయనకు తెలియదు. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసివేస్తే దానికి శక్కర్ బీమారి వచ్చింది. క్లోమంలో ఏదో ఉన్నది, అది లేకపోతే చక్కెర అదుపు తప్పుతుంది అని తేలింది. ఆ ఏదో పదార్థాన్ని బయటికి తీయడానికి మరో ముప్పై ఏండ్లు పట్టింది.

1921 ఎండాకాలంలో కెనడా దేశంలోని టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్ అనే యువ శస్త్రవైద్యుడు, బెస్ట్ అనే విద్యార్థి, ప్రొఫెసర్ మక్లియోడ్ ప్రయోగశాలలో ఈ పనికి దిగారు. ఆ యేటి చివర కాలిప్ అనే రసాయనజ్ఞుడు వారితో కలిశాడు. 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేండ్ల పిల్లవానికి మొదటి సూది ఇచ్చారు. మందు శుద్ధంగా లేక సరిగ్గా పనిచేయలేదు, సూది గుచ్చిన చోట వాచింది. కాలిప్ పగలు రాత్రి కష్టపడి దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి చక్కెర దిగింది. ఎముకల గూడైపోయి చావుకు దగ్గరైన పిల్లవాడు లేచి కూర్చున్నాడు. ఆ తరువాత పదమూడేండ్లు బతికాడు.

1923లో బాంటింగ్‌కు, మక్లియోడ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ తన వాటాను బెస్ట్‌తోను, మక్లియోడ్ తన వాటాను కాలిప్‌తోను పంచుకున్నారు. మరొక సంగతి మన పిల్లలకు చెప్పదగినది. ఆ కనుగొన్నవారు తమ పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు అప్పగించారు. కోట్లు గడించగల వస్తువు అది. ఈ మందు లోకానికి చెందాలన్నది వారి తలంపు.

పంది, పశువు, మనిషి

మందు తయారీ మొదలైంది. ముడిసరుకు ఎక్కడిది? పెద్ద పెద్ద కబేళాలలో మిగిలే పంది క్లోమం, పశువుల క్లోమం. ఎనిమిది ఔన్సుల శుద్ధ ఇన్సులిన్ తీయడానికి రెండు టన్నులకు పైగా పంది అవయవాలు కావలసి వచ్చేదట. మందు మీద ఆధారపడిన వారు పెరుగుతుంటే ఇన్ని జంతువులను ఎక్కడి నుండి తేవాలన్న బెంగ కంపెనీలకు ఉండేది.

ఇంగ్లండులో సాంగర్ అనే శాస్త్రజ్ఞుడు ఇన్సులిన్ దండలో ఏ పూస తరువాత ఏ పూస ఉందో ఏండ్ల తరబడి ఓపికగా లెక్కించాడు. మొత్తం 51 పూసలు. ఒక దండలో 21, ఇంకో దండలో 30, రెంటినీ కలిపే ముడులు. దీనికి ఆయనకు 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లెక్క వల్లనే పంది ఇన్సులిన్‌కు, మనిషి ఇన్సులిన్‌కు తేడా ఒక్క పూసేనని, పశువుల ఇన్సులిన్‌కు మూడు పూసల తేడా అని తెలిసింది. అంత దగ్గర పోలిక ఉండటం వల్లనే జంతువుల మందు మనిషికి పనిచేసింది. ఆ కొద్ది తేడా వల్ల, అందులోని మలినాల వల్ల కొందరికి ఒంటికి పడక దద్దుర్లు, గడ్డలు వచ్చేవి.

1969లో డొరోతీ హాడ్‌కిన్ అనే మహిళా శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో ఇన్సులిన్ మూడు దిక్కుల ఆకారాన్ని చూపించింది. ఆమె బృందంలో మన దేశపు యువకుడు ఎం. విజయన్ ఉన్నాడు. తరువాత ఆయన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పెద్ద పరిశోధకుడైనాడు.

అసలు మలుపు 1978లో వచ్చింది. అంతకు ముందు యేడు, 1977లో, అమెరికాలో సొమటోస్టాటిన్ అనే పద్నాలుగు పూసల మానవ పెప్టైడ్‌ను బాక్టీరియా చేత తయారు చేయించారు. దాని వెనుకే ఇన్సులిన్ పని పట్టారు. జెనెన్‌టెక్ కంపెనీ వారు, సిటీ ఆఫ్ హోప్ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి మనిషి ఇన్సులిన్ తయారీకి కావలసిన జన్యు సమాచారాన్ని ప్రయోగశాలలో అల్లి, ఇ. కోలై అనే బాక్టీరియాలో పెట్టారు. ఆ బాక్టీరియా మన ఇన్సులిన్ దండలను గుచ్చిపెట్టింది. 1982 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

బడేఅబ్బా సూది మాని పుండుతో పడుకున్న రోజులకు, బాక్టీరియాలో మనిషి ఇన్సులిన్ తయారైన రోజులకు పెద్ద ఎడం లేదు. కాని అమెరికా ప్రయోగశాలకు, హుస్నాబాద్ గల్లీకి మధ్య దూరం చాలా ఉండేది. మన దేశపు కంపెనీలు స్వయంగా మనిషి ఇన్సులిన్ తయారు చేయడానికి ఇరవై ఏండ్లు పట్టింది. 2003లో వోక్‌హార్ట్, 2004లో బెంగుళూరుకు చెందిన బయోకాన్ తమ మందులను బజారులోకి తెచ్చినవి. బయోకాన్ వారు బాక్టీరియాకు బదులు ఈస్టు చేత తయారు చేయించారు. నేడు మన దుకాణాలలో దొరికేది ఎక్కువగా ఇటువంటి మనిషి ఇన్సులినే, లేదా దానిలో ఒకటి రెండు మార్పులు చేసిన రకమే. చీటీ మీద ఆ మాట రాసి ఉంటుంది, చదివించుకోండి. ఇంకా సందేహం ఉన్నవారు ముందు డాక్టరును, తరువాత ఆలిం సాబ్‌ను అడగండి. ఎవరినీ అడగకుండా సూది మాత్రం మానకండి. మేము డాక్టర్లమూ కాము, ముఫ్తీలమూ కాము. మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగవద్దనే చెబుతున్నాము.

ఎండకు చెడే మందు

పూసల దండ నాజూకైనది. వేడికి దాని ముడులు విప్పుకుపోతాయి. మూత తీయని ఇన్సులిన్‌ను రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డ కట్టనీయరాదు. మన దిక్కు ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది. కొన్నేండ్ల కింద మాకు తెలిసిన ఒక అమ్మకు సూది వేస్తున్నా చక్కెర దిగలేదు. డోసు పెంచారు, అయినా దిగలేదు. చివరికి విచారిస్తే, మందు కొన్న దుకాణంలో ఫ్రిజ్ చెడిపోయి వారం రోజులైందట. బుడ్డి చూస్తే ఏ తేడా కనపడదు, లోపల మందు మాత్రం చచ్చింది. అందువల్ల మందు కొనేటప్పుడు ఫ్రిజ్‌లో నుండే తీసిస్తున్నారా అని జర చూసుకోవాలి. అడగడానికి మొహమాటం వద్దు.

కాన్పు గదిలో ఒక చిన్న దండ

తొమ్మిది పూసలే ఉన్న ఒక చిన్న దండ గురించి మన ఆడపడుచులకు చెప్పవలసి ఉన్నది. దాని పేరు ఆక్సిటోసిన్. మెదడు కింది గ్రంథి నుండి వచ్చి గర్భసంచిని బిగిస్తుంది, తల్లికి పాలు జారేటట్లు చేస్తుంది. 1906లో ఇంగ్లండుకు చెందిన డేల్ ఆ గ్రంథి సారానికి గర్భసంచిని బిగించే గుణం ఉందని చూపాడు. 1953లో అమెరికాలో దు విన్యో అనే రసాయనజ్ఞుడు దాన్ని ప్రయోగశాలలో పూసకు పూస గుచ్చి తయారు చేశాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒంట్లోని హార్మోను పెప్టైడ్‌ను మనిషి చేతితో తయారు చేయడం అదే మొదలు.

కాన్పు తరువాత నెత్తురు ఆగక ప్రాణం పోయిన తల్లుల కథలు మన నానమ్మలు చెప్పేవారు. ఆ నెత్తురును ఆపే ముఖ్యమైన మందు ఈ ఆక్సిటోసినే. దీనినే బర్రెలకు పాలు దిగడానికి దొంగచాటుగా పొడిచేవారు కొందరు ఉన్నారు. ఆ దుర్వినియోగాన్ని ఆపాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు తయారీని నిలిపివేయ జూసింది. తల్లులకే మందు కరువవుతుందన్న వాదన మీద అదే యేటి డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఒకే మందు, ఒక చేతిలో ప్రాణం కాపాడుతుంది, ఇంకో చేతిలో మోసానికి పనికివస్తుంది. తప్పు మందుది కాదని వేరే చెప్పనక్కరలేదు.

మన హైదరాబాదులో

ఇక మన రాజధాని సంగతికి వద్దాము. కనుగొనడమంతా బయటి దేశాలలోనే జరిగిందని మన పిల్లలు అనుకోరాదు.

నిజాం కాలంలో హైదరాబాదులో కేంద్ర ప్రయోగశాలలు వెలిసినవి. 1948 నుండి వాటికి డైరెక్టరుగా డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ పనిచేశారు. తరువాత అది రీజనల్ రీసెర్చి లాబొరేటరీ అయింది, నేడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. జహీర్ గారు 1962లో దేశంలోని సి.ఎస్.ఐ.ఆర్. సంస్థలన్నిటికీ డైరెక్టర్ జనరల్ అయినారు. అజ్మీరులో పుట్టి, లక్నోలో చదివి, 1950లో హైదరాబాదుకు వచ్చి అదే ప్రయోగశాలలో చేరిన యువకుడు పుష్పమిత్ర భార్గవ. ఆయన పట్టుదల మీదనే 1977లో సి.సి.ఎం.బి., అంటే సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, మొదలైంది. ఉప్పల్ రోడ్డు మీది హబ్సిగూడలో ఉన్న ఆ భవనాన్ని 1987 నవంబరులో ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ ప్రారంభించారు.

1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ కలిసి ఒక పరిశోధనా పత్రాన్ని ఇంగ్లండు నుండి వెలువడే ప్రసిద్ధ పత్రిక 'నేచర్'లో ప్రకటించారు. ఆబోతు వీర్యద్రవంలో బాక్టీరియాను అణచే ఒక పదార్థం ఉందని, అది ఇ. కోలై బాక్టీరియా లోపల ఒక ముఖ్యమైన తయారీ పనిని ఆపుతుందని వారు చూపారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు పెట్టారు. దానిలో 47 పూసలు ఉన్నవి. అప్పటికి జంతువుల ఒంట్లోనే పుట్టే ఇటువంటి క్రిమినాశక దండల మీద లోకానికి అంతగా దృష్టి పడలేదు. స్వీడనులో బోమన్ అనే శాస్త్రజ్ఞుడు పురుగులలో సెక్రోపిన్ అనే దండను చూపింది 1981లో. అమెరికాలో జాస్లాఫ్ కప్ప చర్మంలో మగైనిన్ అనే దండను చూపింది 1987లో. మన హైదరాబాదు మాట వీటికన్నా ముందుదే.

తరువాత సి.సి.ఎం.బి.లో ఆర్. నాగరాజ్ ఈ దారిని పట్టారు. ఆయన బెంగుళూరులో పి. బాలరాం గారితో కలిసి పెప్టైడ్ల మీద పనిచేసినవారు. సీతారాం, నాగరాజ్ 1990లో ఒక సంగతి బయటపెట్టారు. 47 పూసల దండలో నుండి 13 పూసల ముక్కను మాత్రమే ప్రయోగశాలలో తయారు చేసి చూస్తే అది కూడా బాక్టీరియాను చంపింది. సంతోషించవలసిన మాటే. కాని ఆ చిన్న ముక్క మన నెత్తురులోని ఎర్ర కణాలను కూడా పగులగొట్టింది!

ఇక్కడ జర ఆగి ఆలోచించండి. మందు కనుగొనడం ఎందుకు అంత కష్టమో ఈ ఒక్క ముచ్చట చెబుతుంది. క్రిమిని చంపే వస్తువు దొరకడం పెద్ద పని కాదు, సున్నం కూడా చంపుతుంది. క్రిమిని చంపి, మనిషిని ముట్టని వస్తువు కావాలి. ఆ తరువాత నాగరాజ్ బృందం అక్కడక్కడ పూసలు మార్చి, దండను పొట్టి చేసి, విద్యుదావేశం మార్చి, ఏ మార్పుతో ఏ గుణం పోతుంది, ఏది నిలుస్తుందని ఏండ్ల తరబడి పరీక్షించింది. ఆయనకు 1994లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది.

మన చర్మంలో, కన్నీటిలో

మనిషి ఒంట్లో ఇటువంటి దండలు ఉన్నవా? ఉన్నవి. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ అంతకు ముందే, జలుబు చేసినప్పుడు తన ముక్కు చీమిడిలో, తరువాత కన్నీటిలో, బాక్టీరియాను కరిగించే లైసోజైమ్‌ను చూశాడు. 1922లో ప్రకటించాడు. అది పొడవైన దండ కనుక ప్రొటీను అంటారు. 1985లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో గాంజ్, సెల్‌స్టెడ్, లేరర్ మన నెత్తురులోని తెల్ల కణాలలో ముప్పై పూసల అటూ ఇటూ ఉన్న దండలను తీసి, వాటికి డిఫెన్సిన్లు అని పేరు పెట్టారు. అంటే కాపలాదారులు. తరువాత 1990ల్లో చర్మంలో, ఊపిరితిత్తుల లోపొరలో వేరే డిఫెన్సిన్లు దొరికినవి. 37 పూసల ఇంకో దండకు ఎల్.ఎల్. 37 అని పేరు.

ఇవి పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. బాక్టీరియా పైపొర మీద రుణావేశం ఉంటుంది. ఈ దండల మీద ధనావేశం. అయస్కాంతం వలె పోయి అతుక్కుంటాయి, పొరలో జొరబడి కంతలు చేస్తాయి. లోపలి సరుకంతా కారిపోయి బాక్టీరియా చస్తుంది. మన కణాల పైపొర ఆవేశం వేరు కనుక సాధారణంగా మనకు హాని తక్కువ.

సి.సి.ఎం.బి. వారు మనిషి డిఫెన్సిన్ల మీద కూడా పనిచేశారు. బీటా డిఫెన్సిన్లు మూడింటిని తీసుకొని, వాటి చివరి భాగాలను మాత్రమే చిన్న దండలుగా తయారు చేసి పరీక్షిస్తే, అవి కూడా బాక్టీరియాను చంపగలవని 2006లో ప్రకటించారు. పెద్ద దండ తయారు చేయడం ఖరీదైన పని. చిన్నదానితో పని జరిగితే మందు చవుక అవుతుంది కదా. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో యేనుగు సురేశ్ గారు ఇదే కోవలో మనిషి దేహంలోని మరికొన్ని డిఫెన్సిన్ల మీద పరిశోధన చేసినవారు.

అదే 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇంకో విషయం చూపారు. మన కణాలు క్షయ బాక్టీరియాతో పోరాడేటప్పుడు ఎల్.ఎల్. 37 తయారు కావడానికి డి విటమిన్ తోడు కావాలట. ఎండ తగిలితే చర్మంలో డి విటమిన్ పుడుతుంది. పాతకాలంలో క్షయ రోగులను గాలి వెలుతురు ఉన్న చోట పడుకోబెట్టేవారు. అంతమాత్రాన ఎండలో కూర్చుంటే క్షయ పోతుందని ఎవరూ అనుకోరాదు. సర్కారు దవాఖానలో ఇచ్చే గోలీల కోర్సు పూర్తిగా మింగవలసిందే.

అయితే ఈ డిఫెన్సిన్లు మన దుకాణాలలో మందుగా ఎందుకు దొరకడం లేదు? మూడు అడ్డంకులు. ఒంట్లోని ఎంజైములు వీటిని త్వరగా తెంపుతాయి. నెత్తురులో ఉన్నంత ఉప్పు ఉంటే కొన్నింటి బలం తగ్గుతుంది. తయారీ ఖర్చు ఎక్కువ. కప్ప దండ నుండి తయారైన పెక్సిగనాన్ అనే మలాంను శక్కర్ రోగుల కాలి పుండ్ల కోసం తెచ్చారు. ఉన్న మందుల కన్నా మెరుగని రుజువు కాలేదని 1999లో అమెరికా ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. ఆ సంగతి చదివినప్పుడు మాకు బడేఅబ్బా పుండే కళ్ళ ముందు మెదిలింది. ఇన్నేండ్ల పరిశోధన ఒక్క కాగితంతో ఆగింది. అయినా పని ఆగలేదు. పాత యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ దండల మీదే చాలామంది ఆశ పెట్టుకున్నారు.

పేగులో పుట్టిన కొత్త మందు

చివరగా నేడు అందరి నోళ్ళలో నానుతున్న మందు. మనం అన్నం తినగానే పేగు నుండి జి.ఎల్.పి. 1 అనే పెప్టైడ్ వస్తుంది. క్లోమానికి "ఇన్సులిన్ వదులు" అని కబురు పంపుతుంది, మెదడుకు "ఇక చాలు" అని చెబుతుంది. 1980ల్లో హాబెనర్, స్వెత్లానా మొయ్‌సోవ్, హోల్స్ట్ మొదలైనవారు దీని గుట్టు విప్పారు. చిక్కేమంటే అది నెత్తురులో రెండు నిమిషాలకే తెగిపోతుంది. రెండు నిమిషాల మందుతో ఎవరికేమి లాభం?

డెన్మార్కులోని నోవో నార్డిస్క్ కంపెనీలో లోట్టె నూడ్‌సన్ అనే మహిళ, ఆమె తోటివారు ఆ దండకు ఒక కొవ్వు తోకను తగిలించారు. ఆ తోక నెత్తురులోని అల్బుమిన్ ప్రొటీనును పట్టుకొని వేలాడుతుంది, అందువల్ల మందు త్వరగా తెగదు. లిరాగ్లుటైడ్ 2010లో అమెరికాలో అనుమతి పొందింది, రోజుకొక సూది. సెమాగ్లుటైడ్ 2017లో వచ్చింది, వారానికి ఒక సూది. 2019లో దానినే గోలీగా కూడా తెచ్చారు. కడుపు తెంపకుండా కాపాడే ఒక తోడు పదార్థాన్ని కలిపి ఈ పని సాధించారు. హాబెనర్, మొయ్‌సోవ్, నూడ్‌సన్‌లకు 2024లో అమెరికా వారి లాస్కర్ బహుమతి వచ్చింది. మొయ్‌సోవ్ చేసిన పనికి ఆలస్యంగా దక్కిన గుర్తింపు అది.

ఈ మందును సన్నబడడానికి కూడా వాడుతున్నారు. మన దేశంలో సెమాగ్లుటైడ్ ముఖ్య పేటెంటుకు గడువు 2026 మార్చి నెల. పేటెంటు తీరితే హైదరాబాదు కంపెనీల వంటివి తక్కువ ధరకు తయారు చేయడానికి దారి తెరుచుకుంటుంది. మంచిదే. కాని పెండ్లి ముందర సన్నబడాలని ఎవరో చెబితే సూది కొని పొడుచుకోవడం మాత్రం వద్దు. వాంతులు, విరేచనాలు, ఇంకా పెద్ద చిక్కులు రావచ్చును. డాక్టరు చూసి రాస్తేనే తీసుకోవాలి.

ముగింపు

ఈ చరిత్ర అంతా చూస్తే మాకు రెండు మాటలు తోస్తున్నవి. మొదటిది, మన ఒంట్లోనే ఇన్ని మందులు ఉన్నా వాటిని పట్టుకోవడానికి వంద ఏండ్లుగా ఎందరో దేశదేశాల వారు కష్టపడ్డారు. వారిలో హైదరాబాదు వారు ఉన్నారు. మన ఊరి నుండి ఉస్మానియాకో, హైదరాబాదు విశ్వవిద్యాలయానికో పోయి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదివే పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఆ వరుసలో ఎందుకు చేరకూడదు? ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదని ఏడ్చే పిల్లకు పెప్టైడ్ల చదువు కూడా వైద్యమేనని చెప్పండి.

రెండవది, ఎంత గొప్ప మందు తయారైనా చివరికి అది ఇంట్లో ఒకరి చేతిలోకి చేరాలి. చీటీ చదవగలిగిన చేయి కావాలి. ఇంట్లో పెద్దవారు మందు మానితే గమనించే కన్ను కావాలి. వచ్చే రమజానులో ఉపవాసం ఉండాలనుకునే శక్కర్ రోగులు నెల ముందే డాక్టరును కలిసి సూది వేళలు, డోసు అడగాలి. ఉండవద్దని డాక్టరు అంటే ఆ మాటను ఇంటివారు గౌరవించాలి.

మా బడేఅబ్బా చివరి రోజుల్లో కట్టె పట్టుకొని వాకిట్లో కూర్చునేవారు. బజారు నుండి ఎవరు ఏ మందు తెచ్చినా ముందు పిల్లలను పిలిచి, "బేటా, చీటీ మీద ఏం రాసిందో చదువు" అనేవారు. అప్పుడు చదివింది మేమే. ఈ సంచిక చేతికి అందిన ప్రతి ఇంట్లోను అట్లా ఒకరు చదివి చెప్పేవారు ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.